మాల వేసుకున్న నాలుగో రోజు: ఒక రొయ్యల చెరువు కాపలాదారు కేసు

2024 నవంబర్ 21, గురువారం. ఉదయం ఆరింటికి మా పీహెచ్‌సీ ముందు ఆటో ఆగింది. నల్ల పంచె కట్టుకుని, మెడలో తులసిమాలతో ఉన్న మనిషిని ఇద్దరు పట్టుకుని దించారు. ఒళ్లంతా చెమట. రెండు చేతుల్నీ కండువాతో కట్టేశారు. పట్టుకున్నవాళ్లు కూడా మాలలోనే ఉన్నారు. వాళ్లలో పెద్దాయన గురుస్వామి.

"రాత్రి నుంచి ఒంటిమీదికి స్వామి వచ్చినట్టుందండి. మమ్మల్నెవర్నీ గుర్తుపట్టట్లేదు" అన్నాడాయన.

మనిషి మాత్రం ఒకటే అరుపు. "కరెంటు పోయిందిరా! జనరేటర్ వెయ్యండి! రొయ్య తేలిపోద్ది!" కట్టు విప్పగానే చేతులు గాలిలో తాడు లాగడం మొదలుపెట్టాయి. అది చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) పైకి తీసే పని అని వెనక నిలబడ్డ ఆయన భార్య చెప్పింది. ఎనిమిదేళ్లుగా రాత్రిపూట చెరువు దగ్గర ఆయన చేసే పని అదే.

ఈ కేసు రాయడానికి ఆ దంపతులిద్దరి అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. పేరు బదులు స్వామి అనే రాస్తాను. ఆయనతో నేను ఎక్కువగా మాట్లాడింది మాలలో ఉన్నప్పుడే, ఇప్పటికీ నోటికి ఆ పిలుపే వస్తుంది.

నాడి నిమిషానికి 132. బీపీ 170/104. జ్వరం 101. సుగర్ 68. ఇది ఏ ఊరని అడిగితే చెరువు యజమాని పేరు చెప్పాడు. గోడ మీద ఏవో పాకుతున్నట్టు చూస్తూ వెనక్కి జరుగుతున్నాడు. తల మీద ఎడమ పక్క చిన్న గాయం, రెండు రోజుల కిందటిది. మంగళవారం సాయంత్రం గట్టు మీద పడిపోయాడట. చెప్పుల్లేకుండా తడి మట్టిలో నడిస్తే కాలు జారిందనుకున్నారు. పడ్డాక కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా అని అడిగితే, పక్కనున్న కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "ఆయ్, కొట్టుకున్నాయండి. నాలిక కూడా కొరుక్కున్నాడు" అన్నాడు.

ఆఖరిసారి మద్యం తాగింది ఎప్పుడని అడిగాను. గురుస్వామికి కోపం వచ్చింది, మాలలో ఉన్న స్వామి గురించి అడిగే మాటా అని. భార్య మెల్లగా, "ఆదివారం రాత్రి పదకొండింటికండి. అదే ఆఖరన్నారు. సోమవారం తెల్లారి మాల వేసుకున్నారు" అంది.

ఆదివారం రాత్రి పదకొండు నుంచి గురువారం ఉదయం ఆరు దాకా 79 గంటలు. మంగళవారం పడిపోయింది దాదాపు 42 గంటలకు. మద్యం విరమణ గురించి చదువుకున్న ఎవరికైనా ఈ రెండు అంకెలు చాలు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట, వికారం వస్తాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకు సాధారణంగా 48 గంటల లోపు వస్తాయి. అన్నిటికన్నా ప్రమాదమైనది, మతి తప్పి లేనివి కనిపించే డెలిరియం ట్రెమెన్స్, ఎక్కువగా 48 నుంచి 96 గంటల మధ్య మొదలవుతుంది. అంటే సోమవారం మాల వేసుకున్నవాడికి బుధ, గురువారాల్లో. సరైన చికిత్స లేని కాలంలో దీంతో మూడింట ఒకరి దాకా చనిపోయేవారు. ఇప్పుడు వేళకు చికిత్స అందితే ఆ సంఖ్య 5 శాతం లోపే.

దీన్ని ఆ ఉదయం గురుస్వామికి నేను లాకులతో పోల్చి చెప్పాను. మా డెల్టాలో కాలువ లాకులు చూడనివాళ్లు లేరు. మద్యం మెదడును నెమ్మది చేస్తుంది. రోజూ అది పడుతుంటే, మెలకువగా ఉండడానికి మెదడు అటువైపు నుంచి అంతే బలంగా తోస్తూ ఉంటుంది. తలుపుకి రెండు వైపులా నీరు సమానంగా ఉన్నంతకాలం అది నిలబడుతుంది. ఒకవైపు నీటిని ఒక్కసారిగా తీసేస్తే రెండోవైపు ఒత్తిడికి తలుపే కొట్టుకుపోతుంది. ఆయన విని, "అంటే స్వామి రాలేదంటారు" అన్నాడు. "వచ్చారో లేదో నేను చెప్పలేనండి. ఈ జ్వరం, ఈ వణుకు మాత్రం మద్యం ఆగిపోవడం వల్ల వచ్చినవి. మందిస్తే తగ్గుతాయి" అన్నాను.

ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఆ తర్వాతే గ్లూకోజ్. ఈ వరుస మా వైపు చాలామందికి తెలియదు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఏళ్ల తరబడి తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి వెర్నికే అనే మెదడు జబ్బు రావచ్చు. కళ్లు సరిగా తిరగవు, నడక తూలుతుంది, జ్ఞాపకం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. బుధవారం రాత్రి ఊళ్లో ఒక ఆర్ఎంపీ "నీరసం" అని స్వామికి గ్లూకోజ్ సీసా పెట్టి పంపాడు. నీరసంగా ఉన్న తాగుబోతుకు ఊళ్లలో మొదట పెట్టేది ఆ సీసానే. స్వామికి కంటి కదలికలు బాగానే ఉన్నాయి. అదృష్టమే.

మెదడును నెమ్మదింపజేసే డయాజెపామ్ 10 మిల్లీగ్రాములు నరంలోకి చాలా నెమ్మదిగా ఇచ్చాం, ఊపిరి గమనిస్తూ. పావుగంటకు మళ్లీ 10. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్ మేలు, కానీ మా దగ్గర ఆ రోజు ఉన్నది డయాజెపామ్. ఏడు దాటాక చేతులు తాడు లాగడం ఆపాయి. మళ్లీ చేతులు కట్టనివ్వలేదు. కట్టేస్తే పెనుగులాట పెరుగుతుంది, ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. 108 వచ్చాక ఏరియా ఆసుపత్రికి పంపాం. తలకు స్కాన్ తీస్తే ఏమీ లేదు. ఆరు రోజులున్నాడు.

అక్టోబర్‌లో నేను రాసిన ఒక్క మాట

ఆ మధ్యాహ్నం పాత ఓపీ చీటీలు తీయించాను. స్వామి అక్టోబర్‌లో నా దగ్గరికే వచ్చాడు. కడుపులో మంట, బీపీ. చీటీలో నా చేతిరాతతో "ఆల్కహాల్: అప్పుడప్పుడు" అని ఉంది.

ఆ సంభాషణ నాకు గుర్తుంది. "మందు అలవాటుందా?" అని అడిగాను. "అప్పుడప్పుడండి" అన్నాడు. వెనక ఇంకా నలభై మంది ఉన్నారు, నేను రాసుకుని ముందుకెళ్లిపోయాను. చేతులు చాపమనలేదు. ఉదయం లేవగానే వణుకుతాయా అని అడగలేదు. అడిగి ఉంటే, మాల వేసుకోవాలనుకుంటున్నానని కూడా అప్పుడే చెప్పేవాడని తర్వాత ఆయనే అన్నాడు. ఈ కేసులో జరిగిన తప్పులన్నిటికన్నా ముందుది నాదే.

డిశ్చార్జ్ అయ్యాక తీరిగ్గా కూర్చుని లెక్క వేశాం. సాయంత్రం కాపలాకి వెళ్తూ ఒక క్వార్టర్. అర్ధరాత్రి మేత వేశాక ఇంకొకటి. తెల్లారి ఇంటికి వచ్చేముందు "చేతులు నిలబడడానికి" సగం. అంటే రోజుకు రెండున్నర క్వార్టర్లు.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. లెక్క కడితే ఒక క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 గ్రాముల్ని ఒక డ్రింక్‌గా లెక్కిస్తుంది కాబట్టి క్వార్టర్ అంటే ఆరు డ్రింకులు. స్వామి రోజుకి పదిహేను. ఇంగ్లిష్ ప్రశ్నావళిని అనువాదం చేసి "ఎన్ని డ్రింకులు" అని అడిగితే మా వాళ్లు "ఒకటో రెండో" అంటారు. వాళ్ల లెక్కలో అది సీసా. అందుకే నేను ఇప్పుడు క్వార్టర్లలోనే అడిగి, ఆరుతో నేను హెచ్చించుకుంటాను.

ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షలో 40కి ఆయన స్కోరు 27 వచ్చింది. 8 లేదా ఆపైన వస్తే హానికరమైన తాగుడు. 20 లేదా ఆపైన వస్తే బానిస అయ్యి ఉండవచ్చు, నిపుణుడికి చూపించాలి. ఆసుపత్రి రిపోర్టుల్లో కాలేయ ఎంజైములు ఏఎస్‌టీ 148, ఏఎల్‌టీ 66. మొదటిది రెండోదానికి రెండు రెట్లు దాటి ఉండడం మద్యం వల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్లలో తరచూ కనిపించేదే.

ఎందుకు తాగుతారని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. ఆరెకరాల చెరువు, రాత్రంతా ఒక్కడే. ఏరియేటర్ ఒక్క గంట ఆగితే చాలు, పంట పోతుంది. కరెంటు ఎప్పుడు పోతుందోనని చెవులు నిద్రలో కూడా మోటారు చప్పుడు మీదే ఉంటాయి. దొంగలొస్తారని భయం, ఎవరైనా విషం కలుపుతారని భయం. రొయ్యకు తెల్ల మచ్చ జబ్బు కనిపిస్తే యజమాని మొదట తిట్టేది కాపలావాడినే. దోమలు, చలి. మకాంలో మంచం, టార్చి లైటు, సెల్‌ఫోను, సీసా. ఎనిమిదేళ్ల కిందట యజమానే పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజున సంతోషంగా ఒక సీసా చేతిలో పెట్టాడట. అప్పట్నుంచి ప్రతి పట్టుబడికీ అదే ఆనవాయితీ.

జీతం పదిహేను వేలు. 2024 అక్టోబర్ 16 నుంచి కొత్త మద్యం విధానంలో ప్రైవేటు షాపులు తెరిచి, 99 రూపాయలకు క్వార్టర్ అందుబాటులోకి తెచ్చారు. ఆ ధరకు లెక్కేసినా రెండున్నర క్వార్టర్లకు నెలకు దాదాపు ఏడున్నర వేలు. జీతంలో సగం. కొడుకు ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన నెలలో అప్పు చేశారు. అప్పుడే స్వామి మాల మాట ఎత్తాడు.

"మానదామని చాలాసార్లు అనుకున్నానండి. మధ్యాహ్నానికే చేతులు వణికేవి. మాల వేసుకుంటే అయ్యప్పే మాన్పిస్తాడనుకున్నాను" అన్నాడు.

ఈ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మా ప్రాంతంలో మద్యం మానాలనుకునే మగవాళ్లు వెతుక్కునే మొదటి చోటు ఆసుపత్రి కాదు, దీక్షాపీఠం. ఊరంతా కలిసి ఒక మనిషిని తాగకుండా కాపాడే పద్ధతి నాకు తెలిసి అదొక్కటే. మాలలో ఉన్నవాడికి ఎవరూ పోయరు. షాపు వైపు వెళ్తే పరువు పోతుంది. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం పూజ, భజన, చుట్టూ తోటి స్వాములు. ఏ డీఅడిక్షన్ సెంటర్ ఇవ్వగలదు ఇదంతా, అదీ ఉచితంగా? అలాంటి దీక్షలో ఒకే ఒక్క ఖాళీ ఉంది: మొదటి నాలుగు రోజులు. పైగా ఆ రోజుల్లోనే చన్నీటి స్నానం, ఒంటిపూట భిక్ష. అసలే నీరసించిన ఒంటికి తిండి, నీళ్లు కూడా తగ్గుతాయి. ముందు రోజు రాత్రి "రేపట్నుంచి మాల కదా, ఈ రాత్రికి ఆఖరు" అని రోజుకన్నా ఎక్కువ తాగుతారు. ఆదివారం రాత్రి స్వామి నాలుగు క్వార్టర్లు తాగాడు.

ఇలాంటిదే 2020లో దేశమంతా చూశాం. లాక్‌డౌన్‌తో మార్చి చివర్లో మద్యం షాపులు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణుకుతో, ఫిట్స్‌తో జనం బారులు తీరారు. అదే ఏడాది జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఒక్కసారిగా మద్యం ఆగిపోతే బానిసైన శరీరానికి ఏమవుతుందో అప్పుడే ఊరూరా చెప్పుకుని ఉండాల్సింది.

మాల తీయాలా, ఉంచాలా

గురువారం ఉదయం 108 కోసం ఎదురుచూస్తున్నప్పుడు అసలు పేచీ వచ్చింది. సూదులు, మంచం, ఆసుపత్రి తిండి, పడుకున్నచోటే మూత్రం. దీక్ష భంగమైనట్టే, మాల తీసేద్దామన్నారు వెంట వచ్చినవాళ్లు. భార్య ఏడ్చేసింది. "మేడంగారూ, మాల తీస్తే ఇంక మానరండి. మళ్లీ అదే."

ఆవిడ చెప్పింది వైద్యంగా చూసినా నిజమే. ఆయన ఒంట్లో విరమణ గండం గడవడానికి కొన్ని రోజులు చాలు. మళ్లీ తాగకుండా నిలబెట్టేది మాత్రం ఆ మాలే. నేను గురుస్వామిని పక్కకు పిలిచి ఇదే చెప్పాను. నిర్ణయం ఆయనకే వదిలేశాను, అది నా పరిధి కాదు కాబట్టి. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఉండనివ్వండి. ఒళ్లు బాగయ్యాక స్నానం చేయించి నేనే పూజ చేయిస్తాను. ప్రాణం నిలిస్తే కదండీ నియమం" అన్నాడు. ఏరియా ఆసుపత్రిలో నర్సులు సెలైన్ పైపు మాలకు తగలకుండా టేపు వేశారు. ఆరు రోజులూ మాల మెడలోనే ఉంది.

దీక్ష నియమాల్లో ఒంటికి తగ్గట్టు ఏవి సర్దుకోవచ్చో కూడా గురుస్వామే చెప్పాడు. గోరువెచ్చని నీళ్లతో స్నానం. ఉదయం పాలు, అరటిపండు. మధ్యాహ్నం భిక్ష కడుపునిండా. రాత్రి అల్పాహారం తప్పనిసరి. కాపలా పని రెండు వారాలు మానిపించాం. యజమాని మొదట ఒప్పుకోలేదు. మళ్లీ ఫిట్స్ వస్తే గట్టు మీంచి చెరువులో పడతాడని నేను ఫోన్‌లో చెప్పాక ఒప్పుకున్నాడు.

బీడీ

మద్యం గొడవలో బీడీని అందరూ మర్చిపోయారు. రోజుకి ఒక కట్ట, ఒక్కోసారి కట్టన్నర. కళ్లు తెరిచిన ఐదు నిమిషాల్లో మొదటిది. నికోటిన్ బానిసత్వాన్ని కొలిచే ఫాగర్‌స్ట్రామ్ స్కోరు 10కి 7. మాలతో అదీ ఒక్కసారే ఆగింది. ఆసుపత్రిలో మూడో రోజు మతి స్థిరపడ్డాక కూడా ఆయన చిరాకుగా, నిలకడ లేకుండా ఉంటే మద్యం విరమణ ఇంకా తగ్గలేదని డోసు పెంచబోయారు. అది చాలావరకు నికోటిన్ కోసం తపన. రెండూ మానినవాళ్ల దగ్గర ఈ రెండిటినీ విడదీసి చూడాలి.

పొగాకు వాడకం మీద చేసే గాట్స్ సర్వే ప్రకారం మన దేశంలో సిగరెట్ కాల్చేవాళ్ల కన్నా బీడీ కాల్చేవాళ్లు ఎక్కువ. ఆకులో చుట్టింది కాబట్టి మేలు అనే నమ్మకం మా దగ్గర గట్టిగా ఉంది. వదిలేస్తే బీడీ ఆరిపోతుంది. ఆరకుండా మాటిమాటికీ లాగాలి, లోతుగా లాగాలి. సిగరెట్ కన్నా కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువే లోపలికి పోతుంది.

నికోటిన్ గమ్ ఇద్దామంటే, మాలలో పొగాకు సంబంధించినదేదీ నోట పెట్టనన్నాడు. ఒత్తిడి చేయలేదు. టీ మాత్రం తగ్గించమన్నాను. పొగ మానేస్తే టీలోని కెఫీన్ ఒంట్లోంచి వెళ్లడానికి ఎక్కువసేపు పడుతుంది. మునుపటిలా ఎనిమిది టీలు తాగితే నిద్ర పట్టదు, గుండె దడ వస్తుంది, దాన్ని బీడీ లేని టెన్షన్ అనుకుంటారు.

డిసెంబర్‌లో కొడుకు సెలవులకు వచ్చి తండ్రికి ఒక వేప్ పెన్ను చూపించాడు. "ఇది పొగాకు కాదు నాన్నా, ఆవిరే." మాలలో కూడా ఫర్వాలేదేమో అడుగుదామని ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. కొడుకు దాచకుండా తీసుకురావడం నాకు నచ్చింది, అందుకే దబాయించలేదు. బ్రిటన్‌లో సిగరెట్ మానడానికి వేప్ వాడమని వైద్యులే చెప్తారు. నికోటిన్ వేప్‌తో మానేవాళ్లు గమ్, ప్యాచ్‌లతో మానేవాళ్ల కన్నా ఎక్కువని పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్షల్లో బలమైన ఆధారమే ఉంది. అది దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అయితే మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. చాటుగా కొన్న ఆ పెన్నులో ఏ ద్రవం, ఎంత నికోటిన్ ఉందో చెప్పేవాళ్లు లేరు. ఎప్పుడూ సిగరెట్ ముట్టని ఇరవై ఏళ్ల కుర్రాడు దానితో నికోటిన్ నేర్చుకున్నాడు. తండ్రికి వద్దన్నాను. కొడుకుతో విడిగా గంటసేపు మాట్లాడాను. జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 నంబర్ ఆ కుర్రాడే తన ఫోన్‌లోనూ తండ్రి ఫోన్‌లోనూ పెట్టాడు.

మజ్జిగలో కలిపే మందు

భార్య ఒక రోజు ఒంటరిగా వచ్చి అడిగింది, మజ్జిగలో తెలియకుండా కలిపే మందు రాయమని. మా వైపు ఇది బాగా ప్రచారంలో ఉంది. ఆ మందు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. తెలిసి, ఒప్పుకుని, గుండె, కాలేయం పరీక్షలయ్యాక వాడితే అది మంచి మందే. తెలియకుండా పెడితే ఆ మనిషి ఎందుకు కుప్పకూలాడో పక్కనున్న డాక్టరుకు కూడా అర్థం కాదు. నిజం తెలిసిన రోజున ఇంట్లో అన్నం మీద నమ్మకం పోతుంది.

ఆవిడకు కోపం తెప్పించకుండా ఇదంతా చెప్పడం కష్టమైంది. ఎనిమిదేళ్లు ఆ ఇంట్లో రాత్రులు గడిపింది ఆవిడ. చివరికి సైకియాట్రిస్ట్ మద్యం మీద తపన తగ్గించే అకాంప్రొసేట్ మొదలుపెట్టారు, స్వామికి చెప్పే. అది కాలేయం మీద భారం వేయదు, మూత్రపిండాలు బాగుంటే చాలు. రోజుకి మూడు పూటలు. ఈ మందు వేసుకోవచ్చా అని స్వామి గురుస్వామిని అడిగి వచ్చాకే మొదటి మాత్ర వేసుకున్నాడు.

భోగికి నాలుగు రోజుల ముందు

శబరిమల వెళ్లొచ్చి 2025 జనవరి 9న మాల తీశాడు. 52 రోజులు ఒక్క చుక్క లేదు. 13న భోగి.

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బరులు, గుండాట, బరి పక్కనే సీసాలు, బయటి ఊళ్ల నుంచి దిగిన బంధువులు. "మాల తీసేశావుగా, ఇంకేంటి బావా" అనే మాట. ఏడాది మొత్తంలో తాగడానికి ఇంతకన్నా ఒత్తిడి ఉన్న మూడు రోజులు లేవు. దీక్ష కాపలా సరిగ్గా వాటికి ముందే తొలగిపోతుంది. దీక్ష తర్వాత జనం మళ్లీ తాగడాన్ని మనిషి బలహీనతగా చూస్తాం. నాకైతే అందులో సగం క్యాలెండర్ తప్పనిపిస్తుంది.

మాల తీసే ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. మొదటి రెండు రోజులు అత్తారింటికి వెళ్లడం, అక్కడ బరి లేదు. కనుమ రోజు తప్పదు, బావమరిది కోడి దింపుతున్నాడు. బరి దగ్గర ఎవరైనా ఇస్తే చెప్పాల్సిన మాట కూడా ఆయనే ఎంచుకున్నాడు: "ఫిట్స్ వచ్చాయి, డాక్టరుగారు తాగితే చచ్చిపోతానన్నారు." దేవుడి పేరు చెప్తే ఆటపట్టిస్తారు, చావు పేరు చెప్తే వదిలేస్తారని ఆయన అంచనా.

కనుమ సాయంత్రం తాగాడు. ఒక క్వార్టర్. రాత్రి భార్య ఆశ కార్యకర్తకు ఫోన్ చేసింది, మర్నాడు ఆశ ఆయన్ని బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చింది. తల దించుకుని కూర్చున్నాడు. రోజుకి పదిహేను డ్రింకులు తాగే మనిషి రెండు నెలల్లో ఆరు తాగాడని చెప్పాను. ఒక్క రోజే కాబట్టి విరమణ లక్షణాలు రావని, ఈ రోజు ఆగితే మళ్లీ ఆసుపత్రి అక్కర్లేదని చెప్పాను. ఏమనిపించి తాగారని అడిగితే, కోడి గెలిచిందన్నాడు. బాధలో తాగకుండా ఉండడం గురించి అంతసేపు మాట్లాడాను, సంతోషం గురించి ఒక్క మాట అనలేదు. పట్టుబడి సీసా కథ విని కూడా.

జనవరి నెలాఖరుకి బీడీ మళ్లీ మొదలైంది, రాత్రి కాపలాతో పాటే. ఈసారి గమ్‌కు ఒప్పుకున్నాడు. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గలో పెట్టి ఉంచాలి, మళ్లీ నమలాలి. గబగబా నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట. ఆయనకు అవి వచ్చి రెండు వారాలకే మానేశాడు. ఆరు నెలలకు రోజుకి ఆరేడు బీడీలు. మద్యం మాత్రం కనుమ తర్వాత ఇంకొక్కసారే, మేలో పట్టుబడి రోజున. ఆ తర్వాత భార్య యజమానితోనే మాట్లాడింది. ఆగస్టు పట్టుబడికి సీసా బదులు డబ్బిచ్చాడు.

సర్వేలో ఈయన ఎక్కడ

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో దాదాపు 23 శాతం మద్యం తాగుతారు. ఈ అంకె మీదే మేం ప్రణాళికలు వేసుకుంటాం. స్వామిని తెలుసుకున్నాక మా గ్రామాల లెక్కల్ని నేను వేరే కళ్లతో చూస్తున్నాను.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఆశ నింపే సీబ్యాక్ ఫారంలో మద్యం గురించి ఉన్న ప్రశ్న ఒకటే: రోజూ తాగుతారా? డిసెంబర్‌లో మా ఆశ స్వామి ఇంటికి వెళ్లి ఆ ఫారం నింపింది. మాలలో ఉన్నాడు, తాగట్లేదు. "లేదు" అని రాసుకుంది, అది నిజమే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మా వైపు గత 30 రోజుల గురించి ఏ సర్వే అడిగినా ప్రమాదం అంచున ఉన్న మగవాళ్లే తాగనివాళ్లుగా నమోదవుతారు. మిగతా కాలంలో ఇంటికి వెళ్తే రాత్రి కాపలావాళ్లు, పడవల మీద పోయినవాళ్లు ఇంట్లో దొరకరు. ఈ ప్రాంతంలో సర్వే చేసేవాళ్లు ఏ నెలలో అడిగారో రాయాలని, "గత ఏడాదిలో" అనే ప్రశ్న తప్పక చేర్చాలని, దీక్షలో ఉన్నారా అని కూడా అడగాలని నా కోరిక. క్రైస్తవ కుటుంబాల్లో ఈస్టర్ ముందు శ్రమకాలానికి, ముస్లిం కుటుంబాల్లో రంజాన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

మా పీహెచ్‌సీలో మాత్రం మారినవి ఇవి. దసరా దాటాక ఓపీకి వచ్చే ప్రతి మగవాడినీ "ఈసారి మాల వేసుకుంటున్నారా?" అని అడుగుతాం. సిగ్గుపడకుండా జవాబు చెప్పే ప్రశ్న అది. అవునంటే తర్వాతి ప్రశ్న, తెల్లారి చేతులు వణుకుతాయా అని. వణుకుతాయంటే, మాలకు పది రోజుల ముందే రమ్మంటాం. గతంలో ఫిట్స్, మతి తప్పడం, కామెర్లు ఉన్నవాళ్లను ఆసుపత్రిలో చేర్చే మాన్పిస్తాం. లేనివాళ్లకు ఇంట్లో తోడు ఉంటే థయమిన్‌తో పాటు డయాజెపామ్ లాంటిదే అయిన క్లోర్‌డయాజిపాక్సైడ్ రోజురోజుకీ తగ్గిస్తూ వారం ఇస్తాం, ఆశ రోజూ వెళ్లి చూస్తుంది. ఈ మాత్రలు ఎవరూ సొంతంగా కొని వేసుకోకూడదు. వాటి మీద మద్యం తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. అది కాపలా మకాంలోనూ పనిచేస్తుంది.

2025 అక్టోబర్ 29న స్వామి బండి మీద ఇంకో మనిషిని ఎక్కించుకుని వచ్చాడు. పక్క చెరువు కాపలాదారు, కన్నెస్వామి కాబోతున్నాడు. "ఈయనది రోజుకి రెండు క్వార్టర్లండి. పొద్దున్నే చేతులు ఆడతాయి. ఎప్పుడు మానాలో, ఎప్పుడు మాల వేసుకోవాలో మీరు చెప్పండి, గురుస్వామిగారు ఆ రోజే వేస్తానన్నారు" అన్నాడు.

ఫిట్స్ చరిత్ర లేదు. కళ్లు తెల్లగా ఉన్నాయి. భార్య, తల్లి ఇంట్లో ఉంటారు. నవంబర్ 17 సోమవారానికి మాల అనుకున్నాం. మద్యం ఆపింది 7న. ఆ వారమంతా ఆశ రోజూ ఉదయం వెళ్లి నాడి, బీపీ రాసుకొచ్చింది. రెండో రోజు రాత్రి చెమటలు పడితే స్వామి వెళ్లి అక్కడే పడుకున్నాడు.

17 తెల్లవారుజామున గుడికి వెళ్తూ ముగ్గురూ మా స్టాఫ్ క్వార్టర్స్ దగ్గర ఆగారు. కన్నెస్వామిని చేతులు చాపమన్నాను. చాపాడు. వేళ్లు కదల్లేదు.